చుక్క ఉపవాసం

తన కూతురు లోహితే ఆపరేషన్ చేస్తుందని ఐరాల ఊరంతా చెప్పి మరీ దూడను ట్రాలీ ఆటో ఎక్కించింది పోలేరమ్మ. మూడు నెలల పెయ్యదూడ చుక్కకు బొడ్డు దగ్గర కండ వీడి పేగు జారింది. తిరుపతిలో పశువైద్యం చివరి ఏడు చదువుతున్న లోహితకు సర్జరీ విభాగంలో ఈ రోజే ఆఖరు. కత్తి తన చేతికే ఇస్తానని బాలసుబ్రమణ్యం సారు మాటిచ్చారు. రేపటి వంతు తోటి విద్యార్థి మోహన్‌ది.

"నిన్నట్నుంచి దానికేమీ పెట్టలేదు కదా మా?"

"ఎన్నిసార్లు అడుగుతావుమే? పెట్టొద్దని ఫోన్లో చెప్తివి గదా."

దూడను దువ్వుతూ లోహిత గడ్డం కింద నిమిరింది. వేళ్లకు గరుకుగా తగిలింది. ఆరిన రాగి అంబలి.

"మా!"

పోలేరమ్మ ఆటో వైపు చూసింది. "రొంతే. తెల్లారుతానే అరిసింది. నా కొంగు నోట్లో పెట్టుకోని నమిలింది. ఆపరేషన్‌కు పోయే బిడ్డను ఉత్త కడుపుతో ఎట్ల పంపేది? పరీక్షలకు నిన్ను అట్లే పంపితినా?"

"రొంతంటే ఎంత?"

"సెంబెడు."

మత్తిచ్చి వెల్లకిలా పడుకోబెడితే ఆ అంబలి గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దూడ దక్కదు.

పోలేరమ్మ అప్పటికే కొంగు తడుపుకొచ్చింది. "మూతి తుడిసేస్తా ఉండు. మీ సారుకు యాడ తెలుస్తాది?"

లోహిత ఆ చేతిని పక్కకు జరిపి, నేరుగా సారు గదికి వెళ్లి ఉన్నది చెప్పింది.

"అయితే రేపటికి రాయి. కానీ రేపు మోహన్ చేస్తాడమ్మా."

"సరే సార్."

మర్నాడు ఉదయం కత్తి పట్టే ముందు మోహన్ మెల్లగా అడిగాడు. "అత్త ఈ పొద్దు బిర్యానీ ఏమన్నా పెట్టిందా?"

దూడ తల దగ్గర కూర్చున్న లోహిత నవ్వలేదు. కుట్లు పూర్తయ్యేదాకా చుక్క ఊపిరి లెక్కపెడుతూనే ఉంది.

బయటికొచ్చేసరికి వరండాలో పోలేరమ్మ, ముందర మూత తీయని క్యారియర్.

"బాగుందిమా. లేచింది."

పోలేరమ్మ కళ్లు తుడుచుకుంది. "ఊర్లో ఏమని చెప్పేది?"

"మోహన్ కోసినాడని చెప్పు. నేను ఊపిరి చూసినానని చెప్పు."

"అదీ చెప్తా. నేను సేసిందీ చెప్తా."

"నువ్వేమన్నా తిన్నావా?"

"నిన్నట్నుంచి లేదు. నేను తింటా కూర్చుంటే దానికీ ఒక ముద్ద పెట్టేస్తానేమోనని బయం." క్యారియర్ మూత మీద చెయ్యేసి అడిగింది. "ఇప్పుడు దానికి పెట్టచ్చునా?"

"ఇంకా కాదు. సాయంత్రం."

"అట్లయితే మనకూ సాయంత్రమే," అంటూ పోలేరమ్మ క్యారియర్‌ను వెనక్కి జరిపింది.

పొద్దుట్నుంచి టీ అయినా తాగని లోహిత నవ్వాపుకోలేక తల్లి పక్కన చతికిలబడింది.