చుట్టుదారి

"విస్సన్నపేట మీదుగా తిరువూరు, అక్కణ్ణించి ఖమ్మం. బెజవాడ దిగావంటే పూటంతా పోతుంది, సలోమోనూ" అని డ్రైవరుకి చెప్పి, భానుమూర్తి చెవిమీది పెన్సిలు సర్దుకున్నాడు.

బయట నాగపూరు లారీలోకి బంగినపల్లి గంపలు ఎక్కుతున్నాయి. ఎండకి తారు మెత్తబడి హమాలీల కాళ్లకి అంటుకుంటోంది. నూజివీడులో లారీ బుకింగ్ ఆఫీసులు ఎన్ని ఉన్నా, దగ్గర దారి కావాలంటే డ్రైవర్లు ఈ గుమాస్తా బల్ల దగ్గరికే వస్తారు. సన్నటి మనిషి, కొంచెం వంగిన నడుము, భుజం మీద తుండుగుడ్డ. వీధిలో ఎదురైతే ఎవరూ రెండోసారి చూడరు. ఇటు బెజవాడ, అటు ఏలూరు దాటి వెళ్లిన పాపాన పోలేదు గానీ, దారి అడిగితే చాలు, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. కాయ మగ్గేలోపు లారీ మార్కెట్లో ఉండాలి. ఆయనకి తెలిసిన విద్య అదొక్కటే.

"అమ్మగారికి ఎట్లా ఉందండీ?" అన్నాడు సలోమోను, లారీ ఎక్కబోతూ.

"ఇంకా చాలా దూరం ఉందిలే" అన్నాడు భానుమూర్తి.

సలోమోనుకి అర్థం కాలేదు. హారన్ కొట్టి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళుతుంటే, ఎప్పటిలాగే వీధి మొదట్లోనే ఆగి, ఇంటి ముందు జనం ఉన్నారేమోనని చూసుకున్నాడు. భార్య జగదాంబ వానాకాలంలో మంచం పట్టి మళ్లీ లేవలేదు. పిల్లలు లేరు. బెజవాడ డాక్టరు ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నాడు. ఆ రోజుల్లోనే గంపల్లో పరిచే చిత్తుకాగితాల కట్టలో ఒక పటం దొరికింది. ఎక్కడో ఉత్తరాన, చలి సముద్రం మధ్య ఐస్‌లాండ్ అనే పెద్ద దీవి. అన్నీ కొండలే. అంచు వెంబడే దీవి చుట్టూ తిరిగే ఎర్రగీత, రోడ్డు. కాలక్షేపానికి ఆవిడకి తెచ్చి చూపించాడు.

ఆవిడ ఎర్రగీత మీద వేలు పెట్టి, "ఇదొక్కటీ చుట్టి వద్దామండీ. ఈ రేక్యావిక్‌లో బయల్దేరి మళ్లీ రేక్యావిక్. ఆ తర్వాత నన్నాపకండి" అంది.

ఆయన నవ్వేశాడు. తర్వాత నవ్వలేకపోయాడు. రోజూ కాస్త దూరం చొప్పున, ఎక్కడ ఆగాలో, ఎక్కడ తినాలో ఇద్దరూ అనుకునేవారు. దారి మిగిలి ఉన్నంతకాలం జగదాంబ జావ తాగింది, మాట్లాడింది. దాంతో జన్మంతా దారులు తగ్గించిన మనిషి దారి పెంచడం మొదలుపెట్టాడు. విక్‌లో వాన అన్నాడు. హోఫ్న్‌లో టైరు పేలిందన్నాడు. అకురేరిలో మంచు పడి రోడ్డు మూసేశారన్నాడు. వాయవ్యాన సముద్రంలోకి వేళ్లలా చాచుకున్న కొండల్లోకి తిప్పి, వారాల తరబడి అక్కడే ఉంచేశాడు.

ఆవిడ మాత్రం ఆయన చెప్పనివి చూసేది. "ఆ వంతెన ఎక్కకండి, కింద నీళ్లు నల్లగా ఉన్నాయి" అనేది. "ఎర్రతలుపు ఇంట్లో ఎవరో మనకోసం దీపం పెట్టారండీ" అనేది. పటంలో ఇళ్లు ఉండవు. రోళ్లు పగిలే ఎండలో ఆవిడ పాదాలు పట్టుకుంటే చల్లదనానికి ఆయన వేళ్లు కొంకర్లు పోయేవి. భయం వేసేది. ఆవిడ లేకుండా ఎలా బతకడమన్నది అంతకన్నా పెద్ద భయం.

ఆ రోజు ఆయన వెళ్లేసరికి జగదాంబ, పక్కింటి సీతారావమ్మ చేత జడ వేయించుకుని, గుమ్మం వైపు తిరిగి పడుకుని ఉంది.

"ఎక్కడున్నామండీ?"

"బోర్గర్నెస్‌లో."

తప్పక చెప్పాడు; అక్కణ్ణించి రేక్యావిక్ ఎంతో దూరం లేదు. కొండల్లో తిప్పడానికి ఇంక దారుల్లేవు. అయితే ముందర సముద్రపు పాయ ఒకటి నేల లోపలికంటా దూరి ఉంది. దాని ఒడ్డునే చుట్టి రావాలంటే ఇంకొన్నాళ్లు గడపవచ్చు. అలాగే గడపాలనుకుని వచ్చాడు. కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతున్నాడు గానీ, సాయంత్రం వెళ్లాల్సిన కలకత్తా లారీలు ఇంకా తలలోనే తిరుగుతున్నాయి.

"చలేస్తోందండీ. దగ్గర దారేది?"

"చుట్టెందుకు, ఆక్రనెస్‌లో బల్లకట్టు ఎక్కితే సరి. ఎదురుగా రేక్యావిక్కే. పొద్దుండగానే దిగిపోవచ్చు" అన్నాడు.

ఆ మాట బయటికి వచ్చాకే ఆయనకి వినబడింది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"లేదు లేదు. ఆ బల్లకట్టు ఆపేశారు. గాలివానట..."

"వచ్చిందండీ" అంది జగదాంబ, గుమ్మం వైపే చూస్తూ. "తాడు విప్పుతున్నారు. కాసిని మంచినీళ్లివ్వండి."

చెయ్యి కడుక్కుని, గ్లాసుతో నీళ్లు తెచ్చి స్టూలు మీద పెట్టాడు.

"ఆ బల్లకట్టు దిగిపో జగదాంబా. నేను తప్పుదారి చెప్పాను" అన్నాడు. జన్మలో ఎవరితోనూ అనని మాట. ఆవిడ కళ్లు తెరిచే ఉన్నాయి. ఊపిరి లేదు. గదిలో ఉప్పుగాలి వాసన కాసేపు నిలిచి, తర్వాత పోయింది.

వీధివాళ్లు వచ్చారు. ఎండాకాలం, ఆలస్యం పనికిరాదన్నారు. చీకటి పడకముందే అన్నీ అయిపోయాయి. తడిబట్టలతో తిరిగి వచ్చి భానుమూర్తి ఖాళీ మంచం దగ్గర కూలబడ్డాడు. వడగాలి ఇంకా తగ్గలేదు. ఇంట్లో నీళ్లన్నీ పారబోసిన సీతారావమ్మ స్టూలు మీది గ్లాసు చూసుకోలేదు. జగదాంబ ముట్టుకోని ఆ నీళ్లమీద, పలచగా, మంచు పేరుకుని ఉంది.