వెల్లకిల సార్

జెండాల తాడును స్తంభానికి బిగించి కట్టి, చేత్తో ఒకసారి లాగి చూశాడాయన. ఈతకొలను మీదుగా అడ్డంగా వేలాడే ఆ రంగురంగుల జెండాలు, వెల్లకిలా ఈదుకుంటూ వచ్చే పిల్లలకు గోడ దగ్గరపడిందని చెబుతాయి. అవి తల మీదికి రాగానే ఇంకెన్ని బారలు వేయాలో లెక్కపెట్టుకోవాలి. తాడు కాస్త పక్కకు జరిగినా లెక్క తప్పి, తల వెళ్ళి గోడకు కొట్టుకుంటుంది. అందుకే ఆ పని ఆయన ఇంకొకరి చేతిలో పెట్టడు. ఇవాళ ముడి ఒకటికి రెండుసార్లు జారిపోయింది. చివరికి పళ్ళతో పట్టి బిగించాల్సి వచ్చింది.

ముడి జారడానికి తాడు కారణం కాదు. సాయంత్రం పరీక్ష ఉంది. ఈత సంఘం నుంచి అధికారి వస్తాడు. గట్టు మీద నిలబడి పిల్లలకు ఈత నేర్పే ప్రతి కోచ్ కూడా లోతు వైపున అడుగుదాకా మునిగి, అక్కడ వేసిన బరువును పైకి తీసుకురావాలి. పిల్లలెవరైనా మునిగితే వీళ్ళు కాపాడగలరా లేదా అని చూడటానికి పెట్టిన కొత్త రూలు. బరువు పైకి తేలేని కోచ్ రేపటి నుంచి గట్టు ఎక్కడానికి వీల్లేదు. నోటీసు చదివిన రోజు నుంచి ఆయన కంటికి కునుకు లేదు, నోటికి రుచి లేదు.

ఎందుకంటే ఆయనకు నీళ్ళలో తల ముంచడమంటే భయం. ఈ సంగతి తనకు తప్ప పురుగుకు కూడా తెలియదని ఆయన నమ్మకం. మామూలు భయం కాదు, నీళ్ళు ముక్కు దాకా వస్తే చాలు, పై ప్రాణాలు పైనే పోతాయి.

మరి ఈత కోచ్ ఎలా అయ్యాడంటారా, దానికీ ఆ భయమే కారణం. బాగా చిన్నప్పుడు, పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గర ఆడుకుంటుంటే, చిన్నమామయ్య సరదాకి వెనకనుంచి వచ్చి మెడ పట్టి తల ముంచాడు. నీళ్ళలోంచి వినబడిన మామయ్య నవ్వు ఎంతకీ ఆగలేదు. వదిలాక చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. ఆ తరవాత వీడు స్నానానికి కూడా ఏడుస్తున్నాడని, నీళ్ళ భయం నీళ్ళలో పడేస్తేనే పోతుందని వాళ్ళ నాన్న తీసుకెళ్ళి ఈత క్లబ్బులో పడేశాడు. పిల్లవాడు పడ్డవాడు పడ్డట్టే వెల్లకిలా తిరిగి, ఇక బోర్లా తిరిగితే ఒట్టు. మొహం పైకి పెట్టుకుని, బతికితే చాలన్నట్టు చేతులు వేశాడు. అప్పటి కోచ్ ఆ పొడుగు చేతులు చూసి మురిసిపోయి, వీడు వెల్లకిల ఈత కోసమే పుట్టాడన్నాడు. ఆ రోజుల్లో ఆ ఈతగాళ్ళు ఇప్పటిలా నీళ్ళ కిందుగా సగం దూరం దూసుకుపోయేవాళ్ళు కాదు. గోడను తన్ని పైపైనే పోవడం. అలా ప్రాణభయంతో ఈది ఈది కప్పులు గెలిచాడు. కుర్రతనం అయిపోయాక గట్టెక్కి ఈల మెడలో వేసుకున్నాడు. గట్టు పొడిగా ఉంటుంది, అక్కడ ఊపిరికి లోటు లేదు.

ఇప్పుడాయన మనిషి ఇంకా పొడుగే గాని, ఒకప్పటి వెడల్పాటి భుజాల కింద పొట్ట వచ్చి చేరింది. కొలను నీళ్ళలో కలిపే మందు గాలికి కనుబొమలు గోధుమరంగుకు తిరిగాయి. తడి గచ్చు మీద తిరిగి తిరిగి కాలివేళ్ళ సందులు ఎప్పుడూ నాని పాసి ఉంటాయి. క్లబ్బులో పిల్లలకు ఆయన వెల్లకిల సార్. కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరు వేసే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

పొద్దుటి పిల్లలు వచ్చారు. ఆయన రోజూ చేయించేదే చేయించాడు. ఒక్కొక్కళ్ళ నుదుటి మీద సగం నీళ్ళున్న ప్లాస్టిక్ గ్లాసు నిలబెట్టి, అది పడకుండా ఈదమన్నాడు. తల కదలకపోతే గ్లాసు నిలుస్తుంది, గ్లాసు నిలిస్తే ఈత వచ్చినట్టే. కొత్తగా చేరిన ఒక పిల్ల, గ్లాసు మొహం మీద ఒలకడంతో ఉక్కిరిబిక్కిరై గట్టు పట్టుకుని ఏడ్చింది. పక్క వరస కోచ్‌లైతే ఇలాంటప్పుడు ఒక్క అరుపు అరుస్తారు.

ఆయన మోకాళ్ళ మీద వంగి, "ముక్కులోకి పోయిందా తల్లీ? మంటగా ఉంటుందిలే. చీదెయ్యి. ఏం తొందర లేదు, నేను ఇక్కడే ఉన్నా," అన్నాడు.

పిల్ల నిమ్మళించింది. ఆయనకు మాత్రం లేచి నిలబడేసరికి ముచ్చెమటలు పట్టి ఉన్నాయి. ఈ పిల్లే అడుగుకు పోతే నేనేం చేస్తాను అనుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న రాకుండా నెట్టుకొచ్చాడు. పక్కన ఎప్పుడూ ఇంకో కోచ్ ఉండేవాడు కాబట్టి సరిపోయింది. పరీక్ష పెట్టినవాళ్ళది తప్పు కాదని కూడా ఆయనకు తెలుసు, అందుకే ఎవరినీ తిట్టుకోవడానికి లేకపోయింది.

ముందు హాలులో గోడకు కోచ్‌ల ఫొటోలు పెట్టారు. ప్రతి ఫొటో కింద వాళ్ళ గతం రాసి ఉంటుంది. తల్లిదండ్రులు అది చదివి ఎవరి దగ్గర చేర్పించాలో తేల్చుకుంటారు. హెడ్ కోచ్ ఫొటో కింద పతకాలే పతకాలు, చోటు చాలక అక్షరాలు చిన్నవి చేశారు. రెండో ఆయన సముద్రం ఈదిన మనిషి. ఆయన చెప్పిన ప్రతిసారీ ఆ సముద్రం ఇంకాస్త వెడల్పవుతుంది. మూడో కుర్రాడు ఈత శాస్త్రం చదువుకుని వచ్చాడు, నీళ్ళకంటే కంప్యూటర్ తెరనే ఎక్కువ చూస్తాడు. నాలుగో ఫొటో వెల్లకిల సార్‌ది. కింద 'అనుభవజ్ఞుడు' అని ఒక్క ముక్క ఉంది. వెళ్ళేటప్పుడు ఆయన దాని ముందు ఆగాడు. ఫొటో తీసేస్తే గోడ మీద మేకు మిగులుతుంది కాబోలు అనుకున్నాడు.

"సార్, ఒక్క నిమిషం," అంటూ హెడ్ కోచ్ వెనకాలే వచ్చింది. చిన్నప్పుడు ఆమె నుదుటి మీద కూడా ఆయన గ్లాసు పెట్టాడు. ఇప్పుడు ఆయనకు పై అధికారి అయినా సార్ అనడం మానలేదు. "మీ మొహం ఏం బాగోలేదు. ఒంట్లో నలతగా ఉందని చెప్పేస్తాను. మీ పరీక్ష తరవాతెప్పుడైనా పెట్టించుకుందాం."

ఔననేస్తే గండం గడిచిపోతుంది. కానీ ఆమె కళ్ళలో ఉన్న జాలి ఆయనకు మింగుడు పడలేదు.

"నాకేమైందమ్మా? రాయిలా ఉన్నాను. సాయంత్రం అందరితోపాటే ఇస్తాను," అన్నాడు.

"సరే సార్, మీ ఇష్టం," అని ఆమె వెళ్ళిపోయింది. ఆమె ఇంకోసారి అడిగితే బాగుండునని ఆయన గుమ్మం దాకా చెవులు రిక్కించుకునే నడిచాడు.

ఇంట్లో భార్య స్నానానికి నీళ్ళు తోడి పెట్టింది. ఆయన స్నానం ఆయనదే ఒక పద్ధతి. మెడ కింద నుంచి చెంబులు చెంబులు పోసుకుంటాడు. మొహానికి వచ్చేసరికి తడి అరచేత్తో తుడుచుకుంటాడు.

"పిల్లి కూడా మీకంటే నయం. ఈ మనిషి ఊరందరికీ ఈత నేర్పుతాడంటే ఎవరైనా నమ్ముతారా," అంది ఆవిడ తువ్వాలు అందిస్తూ. ఎన్నో ఏళ్ళుగా ఉన్న వేళాకోళమే అది. రోజూ ఆయన నవ్వేవాడు. ఇవాళ నవ్వలేదు.

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "ఏమైనా ఉంటే చెప్పకూడదూ?"

"ఏముంటుంది? ఎండ," అన్నాడు. ప్లేటులో పెట్టింది కెలికి లేచాడు. కాసేపు పడుకోమని ఆవిడ అంటే, పని ఉందని చెప్పి మళ్ళీ బయల్దేరాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి, "తొందరగా వచ్చేయండి," అంది. రోజూ అనే మాటే అయినా ఈసారి వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ లోపలికి పోలేదు.

మధ్యాహ్నం కొలను మూసి ఉంటుంది. పంపులు చూసే మనిషి భోజనానికి పోతూ ఆయన్ని చూసి, "ఏంటి సార్, ఈ వేళప్పుడు?" అన్నాడు.

"ఊరికే. కాసేపు ఒళ్ళు తడుపుకుందామని."

"కానీండి సార్, హాయిగా ఉంటుంది. నేనిట్టా తిని వచ్చేస్తా," అని వాడు తలుపు దగ్గరికి లాగి వెళ్ళిపోయాడు.

ఒంటరిగా నీళ్ళలోకి దిగకూడదన్నది క్లబ్బులో మొదటి నియమం. నలుగురి ముందు నేర్చుకునే సిగ్గు కంటే నియమం తప్పడం నయమనిపించింది ఆయనకు. పరీక్ష కోసం తెచ్చిన బరువు, నల్ల రబ్బరు తొడిగిన ఇటుక, అప్పటికే లోతు వైపున అడుగున పడి ఉంది. పైనుంచి చూస్తే అది అటూ ఇటూ కదులుతున్నట్టు కనబడింది. ఆయన చాలాసేపు చెడ్డీ నాడా బిగించుకున్నాడు. ఈత కళ్ళద్దాలు సరిచేసుకున్నాడు. ఇక సాకులు దొరక్క మెట్లు పట్టుకుని దిగాడు.

మొదటిసారి నీళ్ళు చెవుల మీదుగా మూసుకోగానే కాళ్ళు చేతులు ఆయన మాట వినలేదు. మెడ మీద ఎవరో చెయ్యి వేసినట్టయింది. పైకి వచ్చి గట్టు కరుచుకుని, దగ్గి దగ్గి, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాడు. ఆ ఖాళీ హాలులో తన దగ్గే మళ్ళీ తనకు వినబడింది. వెళ్ళిపోదామా అనుకున్నాడు. వెళ్ళి చేసేదేముంది? ఈల తప్ప ఇంకేమీ చేతిలో పట్టని మనిషి. మళ్ళీ మునిగాడు, మళ్ళీ తేలాడు.

ఎన్నోసారో ఏమో, ఇక కళ్ళు గట్టిగా మూసుకుని, పిచ్చిపట్టినవాడిలా కిందికి తన్నుకుంటూ పోయాడు. వేళ్ళకు ఏదో మెత్తగా, గరుకుగా తగిలింది. పట్టుకున్నాడు. పైకెలా వచ్చాడో ఆయనకే తెలియదు. ఇటుకను గట్టు మీద పెట్టి, దాని పక్కనే తల వాల్చి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సంతోషమే అది. దానితోపాటు వెన్నులోంచి వణుకు ఇంకా వస్తూనే ఉంది.

అక్కడితో ఒళ్ళు తుడుచుకుని ఇంటికి పోతే సరిపోయేది. పరీక్షకు అంతకంటే అక్కర్లేదు. కానీ సాయంత్రం అందరూ గట్టు మీద వరసగా నిలబడి చూస్తుంటే, ఈ వణుకు వాళ్ళ కళ్ళబడదా? ఆ జాలి మళ్ళీ చూడాలా? ఒక్కసారి, ఇటుక గొడవ లేకుండా, ఊరికే కిందికి పోయి కాసేపు ఉండి రావాలనుకున్నాడు. భయాన్ని దాని ఇంట్లోనే కూర్చుని చూడాలనుకున్నాడు.

గుండె నెమ్మదించడానికి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. వదిలాడు. మళ్ళీ పీల్చాడు. భయపడ్డవాళ్ళకు ఎవరైనా చెప్పే ఉపాయమే అది. పీల్చేకొద్దీ తేలిగ్గా అనిపించి, వేళ్ళు తిమ్మిరెక్కేదాకా అలా పీలుస్తూనే ఉన్నాడు. పిల్లలు పందేలు వేసుకుని ఇదే పని చేస్తుంటే ఈల ఊది బయటికి లాగి చెవి మెలేసిన మనిషి ఆయన. అలా అతిగా ఊపిరి లాగి మునిగితే, గాలి కావాలని ఒళ్ళు అడగవలసిన వేళకు అడగదు, అడిగేలోపలే తెలివి తప్పుతుంది. అది ఆయనకు బాగా తెలుసు. కానీ తెలిసినదంతా గట్టు మీద నిలబడి ఇంకొకరికి చెప్పడానికే అలవాటుపడ్డ తెలివి అది. తన ఒంటికి దాన్ని అన్వయించుకోవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు.

మునిగాడు. ఈసారి ఏదీ ఎదురు తిరగలేదు. అడుగున గచ్చు మీద వీపు ఆనించి పడుకున్నాడు. కళ్ళు తెరిచాడు. కప్పులోని దీపాలు చాలా ఎత్తున, మెల్లగా ఊగుతున్నాయి. ఛాతీలో మంట లేదు. మెడ మీద చెయ్యి లేదు. భయం కోసం ఆయన కాసేపు వెతుక్కున్నాడు కూడా. అది ఎక్కడా దొరకలేదు. పోయింది, నిజంగానే పోయింది, ఇంటికెళ్ళి ఆవిడకు చెప్పాలి అనుకున్నాడు. ఇంకాస్త సేపు ఉందామనుకున్నాడు.

పంపుల మనిషి తిరిగొచ్చి, సార్ వెళ్ళిపోయారనుకుని, లోతు వైపు నీళ్ళు చూద్దామని గట్టు చివరికి వచ్చాడు. తరవాత అతని కేక విని ఆఫీసులో ఉన్న హెడ్ కోచ్ బట్టలతోనే దూకింది. ఆమె పైకి తెచ్చింది. చేయవలసినవన్నీ చేసింది, డాక్టరు వచ్చి ఇక చాలమ్మా అనేదాకా చేస్తూనే ఉంది.

పిల్లల్ని గేటు దగ్గర నుంచే వెనక్కి పంపేశారు. పరీక్షాధికారి వచ్చి, సంగతి విని, తలుపు బయటే ఆగిపోయాడు. భార్యను తీసుకొచ్చారు. ఆవిడ గచ్చు మీద కూలబడి, ముందు ఆయన మొహం మీది నీళ్ళు కొంగుతో తుడిచింది.

"పరీక్ష ఉందని నాతో చెప్పలేదు," అంది. కొంగు పిండుకుని, "ఆయనకు నీళ్ళంటే భయమమ్మా," అంది.

హెడ్ కోచ్ తలెత్తి చూసింది.

"పెళ్ళయిన కొత్తలోనే తెలుసుకున్నాను. అడిగితే చిన్నబుచ్చుకుంటారని అడగలేదు. ఎగతాళి చేసి ఊరుకునేదాన్ని. ఏదో ఒకనాడు ఆయనే చెబుతారులే అనుకున్నా."

పొద్దున ఇంకొక్కసారి అడిగి ఉంటే అనుకుంది హెడ్ కోచ్. ఆవిడ మొహం చూడలేక తల తిప్పుకుంది. అప్పుడు కనబడింది ఆమెకు, లోతు వైపు గట్టు అంచున, సాయంత్రం పరీక్షకని తను స్వయంగా అడుగున వేసిన ఇటుక. దాని చుట్టూ గచ్చు ఆరిపోయింది, కింద మాత్రం ఇంకా కాస్త తడి ఉంది.