ఎర్రట్ట మాత్రలు

తవిటమ్మ కొడుకు యువరాజు డాక్టరైపోయాడని అక్కుపల్లిలో మొట్టమొదట అన్నది రత్నాలమ్మేనట. పలాసలో ఎండుచేపలు అమ్ముకుని వస్తూ ఆటోలోంచి చూసిందట. మెడలో టై, చేతిలో తోలుసంచి, ఆసుపత్రి వరండాలో నిలబడి ఉన్నాడట. "డాట్రు లోపలున్నాడు, ఈడు బయట సెప్పులకి కాపలా కాస్తన్నాడేమో" అని ఆటోలో ఎవరో ఎకసెక్కం చేస్తే, "నీ మొకం! ఆయన లేసెల్లిపోతే ఈడే కూకుంతాడు" అని తగులుకుందట.

యువరాజు ఆ మాట సరిదిద్దలేదు. డిగ్రీ చేసి రెండేళ్లు గాలికి తిరిగినవాడికి ఊరు ఊరికే ఇచ్చిన బిరుదు, కాదనడానికి నోరెలా వస్తుంది? తాను మందుల కంపెనీ రెప్రజెంటేటివునని, ఆఖరి రోగి వెళ్లేదాకా నిలబడితే డాక్టరు ముందు దొరికేది అర నిమిషమని, ఆ ఉద్యోగమైనా ఆరునెలల పరీక్ష మీదే ఉందని ఇంట్లో కూడా విప్పి చెప్పలేదు.

నాలుగో నెలలో మేనేజరు ప్రదీప్ విశాఖ నుంచి దిగాడు. యువరాజు బండి వెనక కూర్చుని టెక్కలి, పలాస చుట్టాడు. సాయంత్రం స్టేషను బయట టీ తాగుతూ, "మీవాళ్లకి వల వెయ్యడం పుట్టుకతోనే వస్తుందంటారే. నీకు చిన్న చేప కూడా పడలేదేమయ్యా?" అన్నాడు. టీకొట్టువాడు నవ్వాడు. "ఈ నొప్పి మాత్ర రెండు నెలల్లో కదలకపోతే కన్ఫర్మేషన్ లేదు. టై విప్పేసి మీ నాన్న పడవెక్కు." సగం టీ పారబోసి రైలెక్కేశాడు.

ఆ కడుపుమంటతో ఇల్లు చేరేసరికి అరుగు మీద రత్నాలమ్మ మోకాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. డాక్టర్లకు పంచమని కంపెనీ ఇచ్చిన శాంపిళ్ల పెట్టె తవిటమ్మ మంచం కింద ఉండేది. తవిటమ్మ అందులోంచి ఆ నొప్పి మాత్రల ఎర్ర అట్ట తీసి, ఆమెకు రెండు చించి ఇస్తోంది.

"డబ్బులొద్దే. అమ్మకూడదని దానిమీదే రాసుందట."

మర్నాడు పొద్దున్నే రత్నాలమ్మ గంప నెత్తినెట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఓలప్పా, నీ కొడుకు సేతిలో ఏటుందే! భావనపాడు దాకా నడిసీగల్ను!"

తల్లిని కోప్పడదామని రాత్రంతా అనుకున్నవాడు ఆ మాటతో లెక్క మార్చుకున్నాడు. పెద్ద డాక్టరు మనసు కరగదు గాని, రుచి మరిగిన మోకాలు ఊరుకోదు. పది రోజులు అడిగిన ప్రతివాళ్లకీ ఇమ్మన్నాడు. పదకొండో రోజున, "అయిపోనాయే, ఆరెంపీ పాపారావు కాడ ఎర్రట్ట అని అడుగు" అనమని తల్లికి నేర్పాడు.

"నువ్వు మాత్రం ఏసుకోకమ్మా."

"నాకూ మోకాల్లే గదరా?"

"నీకు పడవు. పలాసలో మంచి నూనుంది, తెస్తాను."

ఎందుకు పడవో ఆమె అడగలేదు. మాత్ర వద్దని కొడుకు తెచ్చిచ్చిన నూనె సీసా గురించి మాత్రం బోరింగు దగ్గర నాలుగు రోజులు చెప్పుకుంది. ట్రైనింగులో చెప్పిన ముక్క యువరాజుకు గుర్తుంది. నెలల తరబడి మింగితే కిడ్నీలకు ముప్పు. ఉద్దానంలో అసలే వీధికొకరు ఆ జబ్బుతో మంచాన పడి ఉన్నారు. ఆ ముక్క కంపెనీ కాగితం మీద చీమతలంత అక్షరాల్లో ఉండేది. వాడు ఆ కాగితాన్ని ఎప్పుడూ అక్కడికి మడిచే చూపించేవాడు.

అదివరకు తలెత్తి చూడని పాపారావు నెల తిరక్కుండా కుర్చీ చూపించాడు. "ఏటి బావూ, ఎర్రట్ట ఎర్రట్ట అని మీ ఊరోల్లు నా పేనం తోడేత్తన్నారు. ఇంకో నాలుగు డబ్బాలు దింపించు." ఆ పేరు వల లాగేవాళ్ల నుంచి జీడి ఫ్యాక్టరీల్లో గింజలు కొట్టే ఆడవాళ్లకు పాకింది. ఆరో నెలలో కన్ఫర్మేషన్ లెటరు వచ్చింది. "వల బాగానే వేశావోయ్" అన్నాడు ప్రదీప్ ఫోనులో. ఈసారి యువరాజు కూడా నవ్వాడు.

రత్నాలమ్మ రెండేళ్లు ఆ మాత్రల మీదే గంప మోసింది. తరవాత పాదాలు వాచాయి, మొహం ఉబ్బింది. విశాఖ తీసుకెళ్తే రెండు కిడ్నీలూ పోయాయన్నారు.

తల్లి పోరు పడలేక యువరాజు బత్తాయిలు పట్టుకుని చూడ్డానికి వెళ్లాడు. రత్నాలమ్మ నులకమంచం మీద గోడకానుకుని ఉంది. మొగుడు అప్పలస్వామి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. తవిటమ్మ ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని, తన సీసాలోని నూనే రాస్తోంది.

"నీళ్లు పిన్నీ" అన్నాడు యువరాజు. డాక్టర్ల ముందు మాట్లాడి మాట్లాడి గొంతు బాగా తేలింది. "మన బోరునీళ్లే అలాంటివి. పెద్ద పెద్దోళ్లే తేల్చలేకపోతన్నారు. ఎవరినీ అనడానికి లేదు."

"మన రాత బావూ" అన్నాడు అప్పలస్వామి.

రత్నాలమ్మ తన పాదాల మీది తవిటమ్మ చేతుల్ని కాసేపు చూసింది.

"నీల్లేట్రా? మీయమ్మా నానూ పాతికేల్లు ఒక్క బోరింగు కాడే బిందెలెట్టినాం. ఇద్దరియ్యీ మోకాల్లే. మరి ఆ ఎర్రట్టలోది దానికి ఒక్కటీ ఎందుకు మింగనియ్యనేదురా, డాట్రా?"