మూడోసారి అన్న మాట

ఇరాన్‌లో మా ఊరు లాలెజీన్‌లో రాయి విసిరితే కుమ్మరి ఇంటి మీదే పడుతుంది. కానీ మా ఫరంగీస్ వదిన చేసేవి కూజాలూ గిన్నెలూ కావు. ఆవిడ మట్టితో పీర్లను, అంటే పాతకాలపు సాధుపురుషుల బొమ్మలను, చేస్తుంది. పదకొండు మంది పీర్ల వరుసకు రెండేళ్లు పట్టింది. నట్టనడుమ నిలిచేది వినే పీరు. తల వంచుకుని ఉంటాడు, చెవులు పెద్దవి, నోరు లేదు. మూడుసార్లు బట్టీలో పగిలి, నాలుగోసారి నిలిచాడు. ఆ నీలిపచ్చ పూత కలిపింది నేనే. తెహ్రాన్‌లో ప్రదర్శన ఇంకో పది రోజుల్లో ఉంది. యాభై రెండేళ్ల వయసులో ఆవిడ పేరు మీద జరిగే మొదటి ప్రదర్శన.

సరిగ్గా అప్పుడే టైల్స్ ఫ్యాక్టరీ యజమాని కాషెఫీ ఆ పీర్లను చూడ్డానికి వచ్చాడు.

"ఏం చేతి పనండీ మీది, ఖానుమ్! ఈ వినే పీరు ముందు నిలబడితే ఒళ్లు జల్లుమంటోంది" అన్నాడు.

"మీకన్నా ఎక్కువా? తీసుకెళ్లండి" అంది వదిన.

మెచ్చుకుంటే ఆ మాట అనాలి. అవతలివాళ్లు వద్దనాలి. అంతేగానీ చీటికీమాటికీ మెచ్చుకున్నదల్లా మూటగట్టుకుపోతే ఈ ఊళ్లో ఎవరింట్లోనూ చెంచా మిగలదు.

"అయ్యో, ఎంత మాట! మీ దగ్గరుంటేనే అందం."

"లేదు లేదు, మీకే సమర్పణ."

"వద్దండీ, నన్ను సిగ్గుపడేలా చేస్తున్నారు."

అక్కడితో ఆగాలి. రెండుసార్లు అంటే మర్యాద, మూడోసారి అంటే నిజంగా ఇచ్చినట్టే. పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన లెక్క అది. టీ పళ్లెం పట్టుకునే నేను వదిన కాలు తొక్కాను. వాడు మాత్రం కదల్లేదు. పీరు చెవి నిమురుతూ, నిట్టూరుస్తూ, మా వదిన మొహమాటానికి ఎర వేసి కూర్చున్నాడు.

"నా మీద ఒట్టు, మీదే" అనేసింది వదిన.

"మీ మాట తోసెయ్యలేను" అంటూ వాడు డ్రైవర్‌ను కేకేశాడు.

పీరును ఎక్కించుకుని కారు వెళ్లిపోయాక నాకు ఒళ్లు మండిపోయింది. "ఇది దొంగతనం కాదూ? దొంగయినా చీకట్లో వస్తాడు, వీడు మన టీ తాగి పోయాడు!" అన్నాను.

"నా నోటితో నేనే అన్నానుగా, మొనీరె."

"ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటే ఊళ్లో తలెత్తుకోగలమా?" అన్నాడు మా ఆయన. తన సొంత అక్క రెండేళ్ల కష్టం పోయినా ఫరవాలేదు, ఈయన తల మాత్రం నిటారుగా ఉండాలి! ఆ పూట నేను ఆయనకు అన్నం వడ్డించలేదు.

శుక్రవారం మధ్యాహ్నం వదినను బలవంతంగా ట్రక్కెక్కించాను. దారి పొడుగునా "వద్దే, వెనక్కి తిప్పు" అంటూనే ఉంది.

కాషెఫీ ఇంట్లో విందు జరుగుతోంది. కుంకుమపువ్వు అన్నం వాసన గుమ్మం దాకా వస్తోంది. ఆ గుమ్మం పక్కనే మా పీరు ఉన్నాడు. ఎవడో కారు తాళాల గుత్తి తెచ్చి ఆయన చెవికి తగిలించాడు. వదిన దాన్ని చూసింది. మెల్లగా తాళాలు తీసి నేల మీద పెట్టింది. చెవి మీద పూత గీసుకుపోయిన చోట వేలితో తడిమింది.

"రండి రండి! మా కళ్ల మీద కాలు పెట్టండి, ఇల్లు మీదే!" అంటూ వచ్చాడు కాషెఫీ.

"ఇల్లు నాకొద్దు. ఈ పీరు నాది, తీసుకెళ్తున్నా" అంది వదిన.

వాడు అతిథుల వైపు తిరిగి నవ్వాడు. "మూడుసార్లు ఇచ్చారు కదా, ఖానుమ్. ఒట్టు కూడా పెట్టారు. ఇంతమంది పెద్దల ముందు మాట తప్పుతారా?"

భోజనాల దగ్గరివాళ్లు చెంచాలు దించి మా వైపు చూశారు. వదిన మెడ ఎర్రబడింది. ఇక క్షమించమని అడుగుతుంది, నా ఖర్మ, అనుకున్నాను.

"తప్పుతాను" అంది.

"అదేమిటండీ..."

"మర్యాదకిచ్చిన మాట తప్పుతున్నాను. అందరూ వినండి. రేపు ఊరంతా చెప్పుకోండి, ఫరంగీస్‌కు సిగ్గు లేదని." తర్వాత వంగి పీరు భుజాల కింద చేతులు వేసింది. "మొనీరె, కాళ్ల దగ్గర పట్టుకో. జాగ్రత్త, బరువు."