కాళ్లు కడిగిన ఆదివారం

ముందుగా ఒక మాట. అక్షరాలు నాకు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి, మా ఆయన పోయాక. ఎక్కడైనా ఒత్తులు జారిపోతే మన్నించండి. రాయడం కూడా నిదానమే. ఈ నాలుగు ముక్కలు రాసేలోపే పక్కన పెట్టుకున్న టీ చల్లారిపోయింది.

చర్చివాళ్ల ఈ సేవా ఇంటికి వచ్చిన రోజు నేను చేసిన తప్పు ఒక్కటే. చేతిలో సంచి దించకముందే సింకులో ఎంగిలి గిన్నెలు కనబడ్డాయి. కడిగేశాను. ఎవరూ అడగలేదు. పెళ్లయినప్పటి నుంచి ఏ ఇంట్లో అడుగుపెట్టినా నా కళ్లు ముందు గిన్నెల వైపే పోతాయి, కుర్చీ వైపు పోవు. వెనక్కి తిరిగేసరికి పెద్దక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెది నాకు కూతురయ్యే వయసే అయినా, ఈ ఇంటి బాధ్యతంతా చూసేది ఆమె కాబట్టి అందరికీ పెద్దక్కే. "అమ్మయ్య, వంటమనిషి లేని లోటు దేవుడు తీర్చాడు" అని రెండు చేతులూ జోడించింది. నేను నవ్వాను. ఆ నవ్వే నా మెడకి చుట్టుకుంది.

నేను వచ్చింది వంటకి కాదు. మా చర్చి ఏటా కొంతమందిని ఈ పేటకి పంపుతుంది. ఏడాదిపాటు ఇక్కడే ఉండి, ఇరుకు గదుల్లో మంచం పట్టినవాళ్ల దగ్గర కూర్చోవాలి, బైబిలు వాక్యం చదివి వినిపించాలి. ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు అలాంటి ఒకావిడ వచ్చి నా పక్కన కూర్చుంది. ఏమీ చెయ్యలేదు, ఏమీ అడగలేదు. పెళ్లయ్యాక ఒక మనిషి నాతో ఊరికే కూర్చోవడం అదే మొదలు. నేనూ ఎవరి పక్కనో అలా కూర్చోవాలనే ఆ వయసులో పలక పట్టాను.

కూర్చోవడం మా ఇంట్లో నా పని కాదు. "కూర్చుంటే నడుం పట్టేస్తుంది, లేచి తిరుగు" అనేవారు అత్తగారు, తాను మంచం దిగకుండానే. ఆయన చర్చిలో ప్రార్థన చేస్తే అందరూ కళ్లొత్తుకునేవారు. ఇంట్లో నేను మోకరించబోతే మాత్రం "ప్రార్థన నేను చేస్తాలే, నువ్వు పొయ్యి సంగతి చూడు" అనేవారు. చదువు నేర్చుకుంటానని ఒకసారి అడిగాను. "ఉప్పేదో పంచదారేదో డబ్బా మీద రాసుంటేగానీ తెలీదా నీకు?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అలా నవ్వి నవ్వే ముసలిదాన్నయ్యాను.

ఇక్కడికి బయల్దేరుతుంటే కొడుకు "సేవ చెయ్యాలనుంటే ఇంట్లో లేదా అమ్మా?" అన్నాడు. కోడలేమో నా మంచం విప్పి, పట్టెలు కట్టకట్టి పక్కింటివాళ్లకి ఇచ్చేసింది.

ఇక్కడ నాకిచ్చింది వంటగది పక్కనున్న సామాన్ల గది. ఉల్లిపాయల బస్తాల మధ్య మడత మంచం. తలుపుకి లోపల గడియ లేదు. చీర మార్చుకుంటుంటే కూడా ఎవరో ఒకరు "ఆంటీ, రెండు ఉల్లిపాయలు!" అని తోసుకొచ్చేవారు. తోటివాళ్లు నలుగురూ చదువుకున్న ఆడపిల్లలు. చెడ్డవాళ్లు కాదు. "మేం బయట తిరుగుతాం, మీరు ఇల్లు చూసుకోండి ఆంటీ, అదీ సేవే కదా" అన్నారు. రోగుల దగ్గరికి నేనెప్పుడు వెళ్లాలని పెద్దక్కని అడిగాను.

"మీరు అక్షరాల కింద వేలు పెట్టుకుని కూడబలుక్కుంటారు కదమ్మా, రోగులకి అంత ఓపిక ఉంటుందా?" అంది మెత్తగా.

"మంచాన పడ్డవాళ్లకి తొందరేముంటుందమ్మా?" అన్నాను.

పడీపడీ నవ్వి, సాయంత్రం ఎంతమందికి వండాలో చెప్పి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం బస్తా మీద కూలబడ్డాను. ప్రభువా, పొయ్యి దగ్గర్నుంచి పారిపోయి నీ దగ్గరికొస్తే నువ్వూ పొయ్యే చూపించావా? మా ఆయన మాటే నీ మాటా? వెనక్కి పోదామంటే మంచం లేదు. ముందుకు పోదామంటే గుమ్మం దాటనివ్వరు. ఈ బస్తాల మధ్యే ప్రాణం పోతే బాగుండుననిపించింది. అంతలో పాలు పొంగిన వాసన వచ్చింది. లేచి పరుగెత్తాను. చావడానికి కూడా తీరిక లేని బతుకు.

ఈ ఇంటికో పద్ధతుంది. ఏడాది మొదటి ఆదివారం పాస్టరుగారు కొత్తగా వచ్చినవాళ్లని కుర్చీల్లో కూర్చోబెట్టి, ప్రభువు తన శిష్యులకి కడిగినట్టు, కింద మోకరించి వాళ్ల కాళ్లు కడుగుతారు. అలా కడిగించుకున్నవాళ్లే మర్నాటి నుంచి పేటలోకి వెళ్తారు. మిగిలినవాళ్లు ఇంటిపట్టున ఉంటారు. ముందురోజు పెద్దక్క "నీళ్లు గోరువెచ్చగా ఉండాలమ్మా, తువ్వాలు కూడా మీరే అందించండి" అంది. కుర్చీలు నాలుగే వేసింది.

ఆదివారం పళ్లెం జరుపుతూ, చెంబు అందిస్తూ పాస్టరుగారి వెనకే నడిచాను. నాలుగో పిల్ల కూడా కాళ్లు తుడిపించుకుని లేచింది. ఆయన పైకి లేస్తూ, చేతులు తుడుచుకోవడానికి నా వైపు చెయ్యి చాపారు. నా చెయ్యి దానంతటదే తువ్వాలు ఇవ్వబోయింది. ఇచ్చేస్తే నా ఏడాది అక్కడితో సరి. ఏడాదేమిటి, నా బతుకే సరి.

తువ్వాలు భుజాన వేసుకుని, ఆ పిల్ల లేచిన కుర్చీలో కూర్చున్నాను.

పెద్దక్క దగ్గింది. ఒక పిల్ల వంగి "ఆంటీ, స్టవ్ మీద ఏదో మాడుతోంది" అని గుసగుసలాడింది.

"కట్టెయ్యమ్మా. నా కాళ్లింకా అవలేదు" అన్నాను.

పగిలిన మడమలు, ఒకదానికి అంటుకున్న ఉల్లిపొట్టు. అందరూ వాటినే చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోతున్నాను, అయినా లేవలేదు. పాస్టరుగారు మళ్లీ మోకరించారు. అప్పటికి నీళ్లు పూర్తిగా చల్లారిపోయాయి. నేను కాళ్లు వెనక్కి తీసుకోలేదు.

ఇట్లు,
పేటలో అందరూ 'కూర్చునే అవ్వ' అనే నేను. వయసు అరవై ఒకటి. ఇప్పటికీ ఆ సామాన్ల గదిలోనే ఉంటున్నాను. తలుపుకి లోపల గడియ పెట్టించుకున్నాను.