‘కాబట్టి’కి ముందు పదహారు పేజీలు

నేను ఒక పుస్తకాన్ని. నా అట్ట మీద ‘తెలియకపోవడం’ అనే పేరు ఉంది. విషయసూచిక ప్రకారం నాలో పన్నెండు అధ్యాయాలు, నూట డెబ్బై ఆరు పేజీలు ఉన్నాయి. విషయసూచిక చెప్పినదాన్ని మనుషులు నమ్ముతారు. నిజానికి నాలో ఉన్నవి పదకొండు అధ్యాయాలే. ఈ సంగతి నలభై ఒక్క ఏళ్ల పాటు నాకు తప్ప మరెవరికీ తెలియలేదు. నన్ను ఎవరూ దాచలేదు. ఎవరూ చదవలేదు, అంతే.

1976 వేసవిలో తెనాలిలోని ఒక చిన్న ముద్రణాలయంలో పుట్టాను. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు ఒకేసారి అచ్చువేసి మడిస్తే, దాన్ని ఫారం అంటారు. అటువంటి పదకొండు ఫారాలను వరుసగా పేర్చి కుడితే నేను తయారవుతాను. ఆ పని ఖాసింబీ అనే ఆమెది. ఆమెకు చదవడం రాదు, అంకెలు మాత్రం తెలుసు. పదకొండు దొంతరల ముందు ఆమె చేతులు కళ్ల అవసరం లేకుండా నడిచేవి. నా వంతు వచ్చినప్పుడు పక్కనున్నామె ఏదో అని నవ్వించింది. ఖాసింబీ చేయి ఆరో దొంతర దగ్గర రెండుసార్లు ఆగింది, ఏడో దొంతరను దాటిపోయింది. ఎనభై ఒకటి నుంచి తొంభై ఆరు దాకా ఉన్న పేజీలు నాలో రెండుసార్లు చేరాయి. తొంభై ఏడు నుంచి నూట పన్నెండు దాకా లేకుండా పోయాయి. మందం తగ్గలేదు. నన్ను అసంపూర్ణం చేసింది ఒక నవ్వు కనుక దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

నన్ను రాసినది నేలటూరి ఏసుపాదం. రేపల్లె దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారు. పిల్లలకు రేఖాగణితం చెప్పేవాడు, తనకు తాను తత్త్వం చెప్పుకునేవాడు. ఐదువందల ప్రతులు సొంత ఖర్చుతో వేయించాడు. తెలుగులో పుస్తకం వేసినవాడు దాన్ని అమ్ముకోవడం కంటే ముందు పెద్దలకు పంచుతాడు. మొదటి పేజీలో ‘అభిప్రాయం కోరుతూ’ అని రాసి, సంతకం పెట్టి, ఎదురుచూస్తాడు. నా మొదటి పేజీలోనూ ఆ రెండు మాటలున్నాయి. వాటి పైన ఉన్న పేరు చేబ్రోలు సుదర్శనం గారిది. ఆయన గుంటూరులో తత్త్వశాస్త్ర అధ్యాపకుడు. అప్పటికి ముప్పై మూడేళ్లవాడే అయినా, పుస్తకాల మీద మాట్లాడటానికి జనం ఆయననే పిలిచేవారు.

ఆవిష్కరణ సభలో ఆయన నన్ను చేతిలో పట్టుకుని నలభై నిమిషాలు మాట్లాడాడు. ఆ ఉదయం ఆయన ముందుమాటా విషయసూచికా మాత్రమే చూశాడు. సూచికలో ఏడో అధ్యాయం పేరు ‘ఖాళీ బెంచీ’. ఆ పేరు ఆయనకు నచ్చింది.

“ఈ ఏడో అధ్యాయం నన్ను కదిలించింది,” అన్నాడు. “ఖాళీ బెంచీ అంటే ఏమిటి? శూన్యం! కూర్చునేవాడు లేనప్పుడు కూర్చోవడం అనేది ఎక్కడ ఉంటుంది?”

చప్పట్లు మోగాయి. వేదిక మీద చివరి కుర్చీలో ఏసుపాదం మాస్టారు తల వంచుకుని తన వేళ్లు చూసుకున్నాడు. అది వినయమని అందరూ అనుకున్నారు. లేని అధ్యాయం మీద వచ్చిన చప్పట్లు విన్న పుస్తకాన్ని బహుశా నేనొక్కదాన్నే.

తరువాత అలమారలోకి చేరాను. మధ్యలో ఒకసారి రాఘవులు గారనే అర్థశాస్త్ర అధ్యాపకుడు నన్ను అడిగి తీసుకువెళ్లి నాలుగేళ్లు ఉంచుకున్నాడు. తిరిగి ఇస్తూ, “చాలా క్లుప్తంగా రాశాడండీ,” అన్నాడు. సుదర్శనం గారు, “అదే ఆయన ప్రత్యేకత,” అన్నాడు. ఇద్దరూ గంభీరంగా తలలూపుకున్నారు. నా చుట్టూ కొత్త పుస్తకాలు వచ్చి చేరుతూనే ఉన్నాయి. కొనడంలో ఆయనకు ఒక తృప్తి ఉండేది. కొన్న క్షణంలో పుస్తకం సగం తెలిసిపోయినట్టు ఆయన ముఖం చెప్పేది. మిగతా సగానికి జీవితం చాలా పొడవుగా కనిపించేది.

ఆయన డెబ్బై నాలుగో ఏట ఇంటికి రంగులు వేయించారు. అలమారలు ఖాళీ చేయవలసి వచ్చింది. రంగులు వేసే మస్తాన్ పుస్తకాలను హాల్లోకి మోస్తూ, మూడో విడతలో ఆగి అడిగాడు.

“సార్, చదివినయ్యి ఏవి, చదవనియ్యి ఏవి? చెప్తే వేరేగా పెడతా. మళ్లీ కలిసిపోతే మీకే ఇబ్బంది.”

అందులో వెటకారం లేదు. సామాను తారుమారు కాకూడదన్న జాగ్రత్త మాత్రమే ఉంది. సుదర్శనం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“అన్నీ ఒకచోటే పెట్టవయ్యా,” అన్నాడు.

వంటింట్లోంచి ఆయన భార్య హైమవతి గారు అందుకున్నారు. “చదివినవి ఆ స్టూలు మీద పెట్టు మస్తానూ. సరిపోతాయి.”

రంగులు ఆరాక ఆయన నేల మీద కూర్చుని తానే వేరుచేయడం మొదలుపెట్టాడు. అది అనుకున్నంత సులువు కాలేదు. చదివినవి కొన్ని. చదివినట్టే అనిపించేవి చాలా. ఎవరో చదివి చెబితే విన్నవి ఇంకొన్ని. చివరికి మరో దొంతర కూడా అవసరమైంది: చదివానని ఎక్కడో నోటితో చెప్పినవి. అది అన్నిటికంటే ఎత్తుగా లేచింది. నేను అందులో అడుగున ఉన్నాను. ఆయన ఆ దొంతరను చాలాసేపు చూసి, ఇక కొత్త పుస్తకం కొననని, ఈ దొంతరను అడుగు నుంచి ఒక్కొక్కటిగా చదువుతానని, ఒకటి పూర్తికాకుండా రెండోది ముట్టనని భార్యతో చెప్పాడు.

“కొననన్నారు, అది చాలు,” అందావిడ.

అలా నలభై ఒక్క ఏళ్లకు నా వెన్ను మొదటిసారి విరిగింది. చిన్న చప్పుడైంది. చదవబడటం ఎలా ఉంటుందని అడిగితే, నొప్పిగా ఉంటుందనే చెప్పాలి. ఆయన పెన్సిలుతో చదివాడు. రెండో అధ్యాయంలో ఒక వాక్యం కింద గీత గీశాడు. మూడో అధ్యాయంలో అంచున ‘ఇది నిజమేనా?’ అని రాశాడు. నాలుగో రోజు నుంచి కొన్ని పేజీలు పైకి చదివి భార్యకు వినిపించసాగాడు. నా మొదటి ఆరు అధ్యాయాలూ తెలియకపోవడాన్ని మెచ్చుకుంటాయి. తెలియదని ఒప్పుకున్నవాడే నిలకడగా ఉంటాడని అంటాయి. ఆయనకు ఆ మాట హాయిగా ఉంది.

ఎనిమిదో రోజున తొంభై ఆరో పేజీ దాటాడు. ఎనభై ఒకటో పేజీ మళ్లీ వచ్చింది. ఆయన దాన్ని కొత్తదిగానే చదివాడు. ఒకచోట, “ఎంత బాగా అన్నాడు!” అని కూడా అన్నాడు.

“నిన్న కూడా బాగా అన్నాడుగా,” అన్నారు హైమవతి గారు.

“ఇది వేరు హైమా.”

“వేరేంటండీ? ఆ పడవవాడు ఏటి లోతు తెలీదనే మాటేగా? అది వింటూ కూర్చునే నిన్న పప్పు మాడ్చాను.”

ఆయన పేజీల అంకెలు చూశాడు. వెనక్కి తిప్పాడు. ముందుకు తిప్పాడు. తొంభై ఆరు తరువాత నూట పదమూడు ఉంది. విషయసూచిక తీసి ‘ఖాళీ బెంచీ’ మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు.

“ఏడో అధ్యాయం లేదు,” అన్నాడు.

“అప్పుడు సభలో దాని మీదేగా మాట్లాడారు?”

“సూచిక చూసి మాట్లాడాను.”

“నేనూ చప్పట్లు కొట్టానండీ ఆ రోజు,” అందావిడ.

రెండు రోజులు నేను బల్ల మీద మూసి ఉన్నాను. ఆయన ముందు రెండు దారులున్నాయి. నన్ను చదివినవాటి దొంతరలోకి జరపవచ్చు. అడిగేవారు లేరు. లేదా ఏడో అధ్యాయం కోసం దాన్ని రాసినవాడి దగ్గరకు వెళ్లాలి. వెళ్లడమంటే, ఆ రోజు చదవకుండా మాట్లాడానని ఆయన ఎదుట ఒప్పుకోవడం. ముందుమాటలు రాసి, సభల్లో మాట్లాడి సంపాదించిన పేరు ఆయనది. ఆ పేరంతా ఈ ఒక్క ఒప్పుకోలుతో కూలిపోతుందని ఆయనకు అనిపించింది. నాకు అలా అనిపించలేదు. అయితే పుస్తకాన్ని ఎవరూ సలహా అడగరు.

మూడో రోజు ఉదయం నన్ను చేతిసంచిలో పెట్టుకుని రేపల్లె ప్యాసింజరు ఎక్కాడు.

ఏసుపాదం మాస్టారికి అప్పటికి ఎనభై. వరండాలో కూర్చుని గొడుగు ఊచకు తీగ చుడుతున్నాడు. సుదర్శనం గారిని గుర్తుపట్టి లేవబోయాడు. ఈయన వారించి, కూర్చోకుండానే నన్ను తీసి ఆయన చేతికిచ్చాడు.

“మాస్టారూ, దీన్లో ఏడో అధ్యాయం లేదు. నేను మొన్ననే చూశాను,” అన్నాడు. ‘మొన్ననే’ అన్న మాట గట్టిగా పలికాడు, అది తప్పించుకుపోకుండా.

మాస్టారు నన్ను తిప్పి చూశాడు. నన్ను కన్నవాడి చేతుల్లో నేనుండటం అది రెండోసారి.

“బైండింగులో పోయినట్టుందండి. పోన్లెండి, మీరు చదవలేదని నాకు ఆ రోజే తెలుసు.”

“ఎలా?”

“శూన్యం అన్నారుగా. ఆ బెంచీ మీద కూర్చునే పిల్ల పేరు రూతమ్మండి. ఎనిమిదో తరగతికి ఒక్కతే ఆడపిల్ల. ఉన్నట్టుండి రావడం మానేసింది.”

సుదర్శనం గారు అప్పుడు కూర్చున్నాడు.

“నన్ను క్షమించాలి మీరు.”

“దానికేముందండి. బాగానే మాట్లాడారు. నేను రాసిందాని కంటే పెద్దగా వినపడింది.” మాస్టారు నవ్వాడు. “ఉండండి, టీ తాగుదాం.”

“ఆ అధ్యాయం మీ దగ్గర ఉంటే ఇప్పించండి. చదివి వెళ్తాను.”

“నా దగ్గరేదండీ? ఆ మరుసటేడు తుఫానులో మూడొందల కాపీలు నీళ్లు తాగినయ్. మిగతా రెండొందలు మీలాంటి పెద్దలకు పంచా.”

“వాళ్లనెవరినైనా అడగకపోయారా?”

“అడిగితే చదివారా అని నిలదీసినట్టుంటదని అడగలేదండి.”

మాస్టారు, మొదటి ఆరు అధ్యాయాల మీద ఏమంటారని అడిగాడు. సుదర్శనం గారు మూడో అధ్యాయం తప్పని చెప్పాడు. ఎందుకు తప్పో చెప్పాడు. మాస్టారు ఒప్పుకోలేదు. టీ చల్లారిపోయింది. గొడుగు ఊచను గాల్లో ఆడిస్తూ మాస్టారు వాదించిన తీరు చూస్తే, ఆయన నలభై ఏళ్లుగా ఈ ఒక్క మాటకు జవాబు సిద్ధం చేసుకుని ఉన్నట్టు నాకు తోచింది.

బయలుదేరుతుంటే, “ఏడో దాంట్లో ఏముందో నోటితో అయినా చెప్పండి,” అన్నాడు సుదర్శనం గారు.

“చెప్పనండి. ముందు ఎనిమిది చదవండి. ఏడు లేకుండా ఎనిమిది నిలబడితే ఏడు అక్కర్లేదనే కదా? నిలబడకపోతే కార్డు ముక్క రాయండి.”

తిరుగు రైల్లో కిటికీ పక్కన నా నూట పదమూడో పేజీ తెరుచుకుంది. దాని మొదటి వాక్యం: ‘కాబట్టి, అడగాలి.’ సుదర్శనం గారు అక్కడే ఆగిపోయాడు. ఆరు అధ్యాయాలు తెలియకపోవడం మంచిదన్నవాడు, ఉన్నట్టుండి అడగాలంటాడేమిటి? లెక్కల మాస్టారు ‘కాబట్టి’ని ఊరికే రాయడు. దాని ముందు ఏదో రుజువై ఉండాలి. ఆ రుజువు తన చేతిలో లేదు. మరునాడు ఆయన కార్డు రాశాడు. నా గురించి వెలువడిన మొదటి నిజమైన అభిప్రాయం అది: ‘ఎనిమిది నిలబడలేదు. మీ కాబట్టికి ఆధారం కనిపించలేదు. ఏడు కావాలి.’

పుస్తకానికి దక్కే మెప్పుల్లో ఇది ఏ రకమో నాకు తెలియదు. నాలో ఉన్నదాన్ని మెచ్చినవారున్నారు, చదవకుండానే. లేనిదాని కోసం వెతికినవాడు ఇతనొక్కడే. అందుకు నన్ను చదవవలసి వచ్చింది.

నెల తిరిగాక కవరు వచ్చింది. పదహారు పేజీలు ఉంటాయనుకుని ఆయన విప్పాడు. ఉన్నది ఒక్క కాగితం. భార్యను పిలిచి పైకి చదివాడు.

‘అయ్యా, నమస్కారం. మీ కార్డు చూసి ఏడో అధ్యాయం మళ్లీ రాయబోయాను. రూతమ్మ ఎందుకు బడి మానిందో అప్పట్లో నేను పదహారు పేజీలు ఆలోచించి రాశాను. పేదరికం అన్నాను, చదువు మీద భయం అన్నాను, మనిషికి మనిషి అందకపోవడం అన్నాను. అడగనందుకే తెలియలేదని ముగించి, కాబట్టి అడగాలని ఎనిమిదో అధ్యాయం మొదలుపెట్టాను. మళ్లీ రాస్తుంటే చెయ్యి ఆగింది. అడగాలని రాసినవాణ్ణి, నేను మాత్రం ఆమెను ఇంతవరకు అడగనే లేదు. వాకబు చేస్తే నిజాంపట్నంలో ఉందన్నారు. మొన్న వెళ్లాను. మనవరాలికి జడ వేస్తోంది. అడిగాను. ఆమె నవ్వి, “బెంచీకి మేకు లేచింది మాస్టారూ. కూర్చుంటే పరికిణీ చిరిగేది. నాకుంది అదొక్కటే. మగపిల్లల బెంచీ మీద కూర్చోనీరు. మీతో చెప్పాలంటే సిగ్గేసింది,” అంది. ఇదే ఏడో అధ్యాయం. ఆమె మానేశాక ఆ బెంచీ ఎదుట నేను ఇంకా పదకొండేళ్లు పాఠం చెప్పాను.’

సుదర్శనం గారు కాగితం దించాడు. హైమవతి గారు చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడే ఉన్నారు.

“ఒక్క సుత్తిదెబ్బతో పోయేదిగా,” అంది ఆవిడ. తరువాత, “ఆ పిల్ల మళ్లీ ఎక్కడైనా చదువుకుందా?”

ఆయన కాగితం వెనక్కి తిప్పి చూశాడు.

“రాయలేదు.”

“రాయకపోతే అడగండి. కింద మాస్టారి ఫోను నంబరుందిగా.”

ఆయన ఆ కాగితాన్ని నా తొంభై ఆరో పేజీకీ నూట పదమూడో పేజీకీ మధ్య పెట్టబోయి, నంబరు కోసం మళ్లీ బయటికి తీశాడు. ఆవిడ ఫోను తెచ్చి ఇచ్చింది. ఆయన ఒక్కొక్క అంకె పైకి చదువుకుంటూ నొక్కాడు. అవతల మోగుతుండగా నేను ఆయన ఒడిలో బోర్లా తెరిచి ఉన్నాను.