తలుపు పట్టని తిమింగలం

నాకు ముక్కు మీద కోపం. ఇది మా అత్తగారు అనే మాట, మా ఆయన తల ఊపే మాట, నేను కూడా కాదనని మాట. అందుకే బడిలో టీచరు నన్ను పిలిపించి, "మీ పాప చేరి నాలుగు నెలలైందండీ. ఇంతవరకు క్లాసులో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంట్లో మాట్లాడుతుందా?" అని మెల్లగా అడిగినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంట్లోనా? మా గువ్వ పళ్ళు తోముకుంటూ కూడా నోటినిండా నురగతో మాట్లాడుతుంది. నిద్రలో కూడా ఎవరినో ఒకరిని కోప్పడుతుంది. ఇల్లు మారి, బడి మారి, కొత్త పిల్లల మధ్య పడేసరికి దాని నోటికి తాళం పడింది. టీచరు మీద కోపం తెచ్చుకుని లాభం లేదని తెలిసి, ఆ కోపమంతా ఇంటికి మోసుకొచ్చి మా ఆయన మీద దించాను.

ఐదో పుట్టినరోజుకు ఏం కావాలో గువ్వ ఆలోచించకుండా చెప్పింది.

"తిమింగలం కావాలి. దాని కడుపులో కూర్చుని అందరం కేకు తినాలి."

"అంతేనా?" అన్నాను. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నదాన్ని, ఒక తిమింగలం నాకో లెక్కా?

మర్నాడు అది క్లాసులో నోరు విప్పింది. నాలుగు నెలల్లో మొదటిసారి. "మా ఇంట్లో తిమింగలం ఉంది. నా పుట్టినరోజుకి మీరందరూ దాని కడుపులోకి రావచ్చు," అందట. క్లాసంతా పగలబడి నవ్వింది. ముందు బల్ల మీద కూర్చునే రెండు జడల అమ్మాయి లేచి నిలబడి, "అబద్ధాలకోరు!" అని పేరు పెట్టింది. సాయంత్రానికి అదే పిల్ల పేరైపోయింది. గువ్వ ఏడవలేదు. ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే నన్ను అడిగింది: "నువ్వు చేస్తావుగా అమ్మా? నిజంగా చేస్తావుగా?"

తిమింగలం లేకపోతే ఈ పిల్ల ఇక ఆ బడిలో నోరు విప్పదు. ఆ రాత్రే క్లాసులోని పదకొండు మందికీ పిలుపులు రాశాను. రెండు జడల అమ్మాయికి అందరికంటే పెద్ద అక్షరాలతో రాశాను.

అచ్చు వంకరగా పడ్డ అట్టలను మా సూపర్‌వైజరు పక్కన పడేయిస్తాడు. అడిగితే, "తీసుకెళ్ళమ్మా, పిల్ల పుట్టినరోజు కదా" అన్నాడు. మామూలు అట్టలు కావవి. మోటార్లు పెట్టి పంపే ఏడు పొరల అట్టలు, మనిషి ఎక్కి నిలబడినా కుంగవు. లోపలి గదిలో మంచం గోడకు నిలబెట్టి, రెండు వారాల సాయంత్రాలు ఆ పని మీదే కూర్చున్నాను. గువ్వ వేలు పెట్టకుండా గదికి గొళ్ళెం. తిమింగలాన్ని మూడు ముక్కలుగా చేశాను. పిల్లలు పాకి దూరేలా నోరు తెరిచిన తల ఒకటి, కడుపు ఒకటి, తోక ఒకటి. పండుగనాడు ముందుగదిలోకి తెచ్చి, తలనూ తోకనూ కడుపులోకి తోస్తే అయిపోతుంది. తలుపు వెడల్పు ముప్పై అంగుళాలు. కొలిచాను. కడుపు వెడల్పు ఇరవై తొమ్మిదిన్నర పెట్టాను. ఇంకా అర అంగుళం మిగులు అనుకుని నా తెలివికి నేనే మురిసిపోయాను. కడుపు నిటారుగా నిలబడాలని లోపల నాలుగు మూలలకూ పన్నెండు అట్టముక్కలు అడ్డంగా అంటించాను. బయట ముదురు నీలం రంగు. లోపల మా అత్తగారి పాత ఎర్ర దుప్పటి. దుప్పటి చాలని చోట "ఈ వైపు పైకి" అన్న అక్షరాలు తలకిందులుగా కనిపిస్తున్నాయి. పోనీలే, తిమింగలం చదువుకోలేదుగా.

పుట్టినరోజున పిల్లలు నాలుగు గంటలకు రావాలి. మూడింటికి బయటికి తీయడం మొదలుపెట్టాం. తల వచ్చింది. తోక వచ్చింది. కడుపు గుమ్మంలో ఇరుక్కుంది.

"పోతుంది పో! నా బస్సు ఇంతకంటే ఇరుకు సందుల్లోంచి పోతుంది," అంటూ మా ఆయన భుజం ఆనించి తోశాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఇరుకు అన్న మాట వింటే ఆయనకు హుషారు. "కొంచెం కుడికి... కుడికి... ఆగు!" అంటూ తనకు తానే చెప్పుకుంటున్నాడు. కడుపు కదలలేదు. తలుపు రెక్క ఊడదీశాం. పక్కకు తిప్పాం, బోర్లించాం, నిలబెట్టాం. లాభం లేదు. ఎత్తు ఇంకా ఎక్కువ, పొడవు ఇంకా ఎక్కువ.

టేపు తీసి కొలిచాను. బయటి వెడల్పు ముప్పైన్నర.

నా తప్పు నాకు అప్పుడు వెలిగింది. మా పెట్టెల పనిలో కొలత అంటే ఎప్పుడూ లోపలి కొలతే. కొనేవాడికి కావాల్సింది లోపల సరుకు పట్టడం, బయట ఎంతుంటే వాడికెందుకు? పన్నెండేళ్ళుగా చెయ్యి అలాగే గీస్తోంది. ఇరవై తొమ్మిదిన్నర అంటే లోపల అంతే గీశాను. అటొక అర అంగుళం, ఇటొక అర అంగుళం అట్ట మందం ఉంటుందన్న సంగతి నా తలకు తట్టలేదు. పెట్టెల గురించి ఏమీ తెలియని మనిషైతే ఈ తప్పు చేసేదే కాదు.

"రంపం తెస్తాను, రెండుగా కోసేద్దాం," అన్నాడు మా ఆయన.

"కోస్తే మళ్ళీ అతికేసరికి రేపవుతుంది. కావాలంటే నన్ను కొయ్యండి!" అని అరిచాను.

గువ్వ కొత్త గౌను వేసుకుని ముందుగది మధ్యలో నిలబడి ఉంది. ఏమీ అడగడం లేదు. దాని నోరు మళ్ళీ బిగుసుకుపోవడం నా కళ్ళతో చూశాను. అంత భయం నాకు ఎప్పుడూ కలగలేదు.

మా అత్తగారు కుర్చీలో కూర్చుని బెలూను ఊదుతున్నారు. దాన్ని నోట్లోంచి తీసి, "ఏమే, మీ ఫ్యాక్టరీలో ఇంతకంటే పెద్ద పెట్టెలు చేస్తారంటావుగా. అవి ఏ తలుపులోంచి బయటికి పోతాయే?" అన్నారు. వెక్కిరించడానికే అన్నారు. ఆవిడకు ఇంకో ఉద్దేశం లేదు.

నేను జవాబుగా ఏదో కటువుగా అనబోయి ఆగిపోయాను. ఏ తలుపులోంచి పోతాయి? మా ఫ్యాక్టరీ నుంచి ఏ పెట్టే నిలబడి పోదు! అన్నీ మడతపెట్టి, పలకల్లా పేర్చి, కట్టలు కట్టి పంపుతాం. పన్నెండేళ్ళలో నిలబడ్డ పెట్టెను నేను ఎక్కడికీ మోయలేదు.

"అత్తయ్యా, మీ నోటికి దండం!" అని కట్టరు పట్టుకుని కడుపులోకి దూరాను. అడ్డం పెట్టిన పన్నెండు ముక్కలనూ ఒక్కొక్కటిగా పెరికేశాను. చేతికి రెండు చోట్ల గీసుకుంది, పట్టించుకోలేదు. పన్నెండోది ఊడదీసి నేను బయటికి పాకగానే కడుపు ఒక నిట్టూర్పు విడిచి పక్కకు ఒరిగి, పలకలా పడుకుంది. రెండు అంగుళాల మందం. నిలువుగా పట్టుకుంటే గుమ్మంలోంచి జారిపోయి వచ్చింది. దాన్ని ముందుగది గోడకు ఆనించి, ఊపిరి తీసుకునే లోపల బెల్లు మోగింది.

పదకొండు మందీ ఒక్కసారే వచ్చారు. వాళ్ళ వెనక తల్లులు. రెండు జడల అమ్మాయి అందరికంటే ముందు. గది నలువైపులా చూసింది. మూలలో దుప్పటి కప్పిన తల, తోక దానికి కనిపించలేదు. గోడకు ఆనించిన నీలం పలక కనిపించింది.

"ఏది తిమింగలం? ఇది అట్ట. నేను చెప్పలేదా? అబద్ధాలకోరు!"

పిల్లలు గువ్వ వైపు చూశారు. గువ్వ నా వైపు చూసింది. నేనే లేపుదామని పలక మీద చెయ్యి వేశాను. తీసేశాను. ఇది నేను చేయాల్సిన పని కాదు. పలకను నేల మీద పడుకోబెట్టి, పై అంచును గువ్వ చేతికిచ్చి, "నీ తిమింగలమేగా. నువ్వే లేపు," అన్నాను.

గువ్వ రెండు చేతులతో అంచు పట్టుకుంది. అందరినీ చూసింది. గట్టిగా ఊపిరి పీల్చి, ఇంటి పైకప్పు లేచిపోయేలా అరిచింది.

"లే!"

అరుస్తూ లాగింది. పలక కదిలి, ఒరిగి, ఒక్కసారిగా విచ్చుకుని లేచి నిలబడింది. నీలం వీపు పైకి వచ్చింది, ఎర్రటి కడుపు నోరు తెరిచింది. పిల్లలు కెవ్వుమన్నారు. ఒకడు వాళ్ళమ్మ వెనక దాక్కున్నాడు. మా ఆయన తలను తెచ్చి ముందు నుంచి, తోకను తెచ్చి వెనక నుంచి తోశాడు. రెండూ డబ్బాకు మూతలా బిగిశాయి. అడ్డుముక్కల అవసరమే లేకపోయింది, తలా తోకే కడుపును నిటారుగా పట్టుకున్నాయి. కడుపు లోపలి కొలతకే తల, తోక అంచులు గీశాను కదా, వెంట్రుకవాసి తప్పలేదు. నా తప్పే నా పరువు కాపాడింది.

రెండు జడల అమ్మాయి చెయ్యి చాచి నీలం వీపును తట్టి చూసింది. గువ్వ దగ్గరకు వచ్చి, మెల్లగా, "నేను లోపలికి రావచ్చా?" అంది.

నేనైతే ఒక రోజంతా బతిమాలించుకునేదాన్ని. నా కూతురు నాలాంటిది కాదు. కాదు, కొంచెం నాలాంటిదే.

"రావచ్చు. కానీ లైన్లో రావాలి. తొయ్యకూడదు. చెప్పులు బయట విప్పాలి. దానికి కడుపునొప్పి వస్తుంది," అంది. ఆ తరువాత ఇక ఆగలేదు. ఎవరు ముందు పాకాలో, ఎవరు తోకలో కూర్చోవాలో, కేకు ముక్క ఎవరికి ఏది అందించాలో అన్నీ అదే చెప్పింది. పదకొండు మందీ నోరెత్తకుండా విన్నారు. కేకు మాట మర్చిపోయి, "మళ్ళీ పడుకోబెట్టండి ఆంటీ, మళ్ళీ లేపాలి!" అని గోల పెట్టారు. చీకటి పడే లోపల తిమింగలం ఏడుసార్లు పడుకుంది, ఏడుసార్లు లేచింది. ప్రతిసారీ పన్నెండు గొంతులు కలిసి "లే!" అని అరిచాయి. అందరికంటే పెద్ద గొంతు ఎవరిదో నాకు తెలుసు. మా అత్తగారికీ తెలుసు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "బెలూన్లు ఊది ఊది కళ్ళ నీళ్ళొస్తున్నాయి," అన్నారు.

సోమవారం మధ్యాహ్నం, నేను ఫ్యాక్టరీలో జిగురు బల్ల దగ్గర ఉండగా టీచరు ఫోను చేసింది. గొంతు అలసిపోయి ఉంది.

"ఏమీ అనుకోకండి. మీ పాప క్లాసులో పొద్దుటి నుంచి నోరు మూయడం లేదండీ. పాఠం చెప్పనివ్వడం లేదు. కాస్త మీరు ఇంట్లో చెప్పాలి."

మిషన్ల చప్పుడులో సరిగా వినపడలేదన్నాను. ఆవిడ మళ్ళీ చెప్పింది. అప్పటికీ వినపడలేదని, మూడోసారి కూడా చెప్పించుకున్నాను.